రెండో జోగయ్య

అడవి అంచు దవాఖానాలో ఆమె పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని, కంప్యూటర్ ముందున్న మనిషికి ఎదురుగా కూర్చుంది. అతను తెర వైపు తిరిగాడు.

“ఖమ్మం నుంచి రక్తం రిపోర్టులు సీడీల వచ్చినయి అక్కా. మీవోని సీసా మీద 212 ఉంది. ఆ నంబరును నిన్న కంప్యూటర్లకెల్లి నేనే తీసేసిన.”

“ఎందుకు సారూ?”

“జోగయ్య, తండ్రి భీమయ్య అని రెండు కనబడ్డయి. ఒక్కణ్ణే రెండుసార్లు ఎక్కించిండ్రనుకున్న.”

“ఇద్దరు సారూ. పెద్దోడు రక్తం జబ్బుతోటి పోయిండు. వాడే మళ్ల పుట్టిండని వీనికి గా పేరే పెట్టినం. మా దిక్కు గట్లనే పెడ్తరు.”

చనిపోయినవాణ్ణి ఉంచి బతికున్నవాణ్ణి చెరిపేశానని అతనికి అప్పుడు అర్థమైంది.

“మళ్ల ఎక్కియ్యరాదా?”

“ఎక్కిస్తే ఇది కొత్త నంబరేస్తది. పోయిన నంబరు తనంతట తాను మళ్ల ఇయ్యది. రిపోర్టేమో 212కే వచ్చింది.”

“మనిషి చెప్తే ఇనదా?”

“ఇంటది. ఈ ఒక్కసారి నంబరు నేనేస్త, నువ్వు ఆగు అని ముందు చెప్పాలె. అయినంక, ఇగ నీ పని నువ్వు చేస్కో అనాలె.”

అతను అలాగే చెప్పి, 212ను తన చేత్తో ఎక్కించాడు. సీడీ మళ్లీ తిరిగింది. రిపోర్టు ఈసారి పిల్లవాడి పేరు పక్కన వచ్చి కూర్చుంది. పై వరుసలో వాడి అన్న పాత రిపోర్టు ఉంది. అతను రెండూ చదివాడు.

“ఏమొచ్చింది సారూ?”

“పెద్దోనికి వచ్చిన జబ్బే, అక్కా.”

ఆమె పిల్లవాడి తల నిమిరింది.

“పేరు మారిస్తే పోతదా సారూ?”

“పేరైతే మారుస్త అక్కా,” అన్నాడతను.