తాబేలుకు తానం

గల్ఫ్ యుద్ధం ముగిసిన నెలకు, సౌదీలోని జుబైల్ ఒడ్డున ఇద్దరు సిరిసిల్ల కూలీలు చమురు అంటిన తాబేలును సబ్బుతో తోముతున్నారు. పెద్దవాడు పక్కన టేప్ రికార్డర్ పెట్టుకొని భార్యకు క్యాసెట్ నింపుతున్నాడు. "బాంబులు పడుతున్నయట, వచ్చెయ్" అని యుద్ధం నడుస్తుండగా ఆమె పంపిన క్యాసెట్ నిన్ననే అందింది.

"రాజవ్వా, భయపడకు. నేను తిమింగలం మీద ఎక్కి తిరుగుతున్న. నాలుగు ఎర్రబస్సులంత ఉంటది. పొద్దుగాల మహాసముద్రంలకు తీస్కపోయి, బువ్వ యాల్లకు దించుతది."

"ఆపన్నా! వదినె ఇంటె నీకు ఎండదెబ్బ తాకిందనుకుంటది."

"మరేం జెప్పాల్రా?"

"ఉన్నది జెప్పు. తాబేలును కడుగుతున్నమని."

"గదే నమ్మది! ఇంట్ల బర్రెను ఒక్కనాడు కడగనోడు, సౌదీల తాబేలుకు తానం పోస్తున్నడంటె?"

"అయినా జెప్పు. ఆమె భయం పోవాలె గద."

పెద్దవాడికి నిజం చెప్పడం కొత్త. గొంతు సవరించుకున్నాడు.

"రాజవ్వా, లడాయిల సముద్రం నిండ నల్ల నూనె పారింది. తాబేళ్లను కడిగి ఇడుస్తున్నం. గివి మహాసముద్రమంత తిరిగినా, గుడ్లు పెట్టనీకి పుట్టిన ఇసుకకే వస్తయట. నేను గుడ్లయితె పెట్ట గని, గట్లనే తిరిగొస్త. దేవుని మీదొట్టు."

"నువ్వు ఒట్టు వెడితె ఇంకింత అనుమానమొస్తది. ఇటియ్యి. వదినే, ఈసారి అన్న జెప్పేది నిజం. గిది నా బొటనేలు సుత కొరికింది."

ఇద్దరూ ఎత్తి నీళ్లలో వదిలారు. తాబేలు అల కిందికి జారిపోయింది. పెద్దవాడు టేప్ దగ్గరికి ఉరికాడు.

"రాజవ్వా, పోయింది! పొయ్యేటప్పుడు ఎనకకు మర్రి నాకు సలాం కొ..."

చిన్నవాడు టక్కున బటన్ నొక్కేశాడు.