స్కేలు మావయ్యకి నేను నేర్పిన కంప్యూటరు

నాకు కంప్యూటరు ఎవరు నేర్పారనా? నవ్వకూడదు మరి. మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు, అందరం స్కేలు మావయ్య అనేవాళ్ళం. బంధువేం కాదు. చెవి మీద పెన్సిలు, చంకలో స్కేలు, అదీ మనిషి. మాది ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు. ఇప్పుడంటే ఈ చెయ్యి గ్లాసు పట్టుకున్నా వణుకుతోంది గానీ, అప్పట్లో నేను గీత గీస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. గొప్ప కాదమ్మా... సరే, గొప్పే అనుకో. అలాంటి ఆఫీసులోకి రెండు కంప్యూటర్లు దించారు. మేనేజరుది ముక్కుతో మాట్లాడే గొంతు. "ఆర్నెల్లలో పరీక్షా... తప్పినవాళ్ళు పాత కాగితాల గదికీ..." అని సాగదీశాడు. నాకప్పటికి ముప్ఫై ఎనిమిది, మీ నాన్న బళ్ళో ఉన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నా చేతి ముందు ఆ డబ్బా ఎంత?" అని. తీరా చాటుగా ముట్టుకుంటే మౌసు బల్ల మీంచి కిందపడింది. అడుగుదామా అంటే, నేర్పే అమ్మాయి నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. నామోషీ! ఐదు నెలలు అలాగే తగలేశాను.

అప్పుడొచ్చాడు మావయ్య. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. "ఒరేయ్, నా ముసలి బుర్రకి ఎక్కట్లేదురా. నువ్వు చురుకైనవాడివి, భోజనాల వేళ కాస్త పక్కన కూర్చుని చెప్పవూ?" అన్నాడు. ఇంకేముంది, నాకు కొమ్ములొచ్చాయి. రాత్రి పుస్తకం చదవడం, మధ్యాహ్నం ఆయనకి పాఠం చెప్పడం. ఆయన అన్నీ తప్పే నొక్కేవాడు. "అయ్యో, గోడ మాయమైందేంట్రా?" అనేవాడు. "ఎన్నిసార్లు చెప్పాలి మావయ్యా!" అని కసిరేవాణ్ణి కూడా. చివరికి ఇద్దరం గట్టెక్కాం. నేను నేర్పబట్టే ఆయన నెగ్గాడని ఊరంతా కోతలు కోశాను. మీ నానమ్మ చెవులు మూసుకునేది పాపం.

ఆయన పోయాక పలకరించడానికి వెళ్ళాను. ఊరుకోవచ్చుగా? ఆయన భార్యతో, "మావయ్యకి కంప్యూటరు నేనే నేర్పానత్తయ్యా" అన్నాను. ఆవిడ గోడ వైపు చూసింది. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు. కంప్యూటరు డ్రాయింగు, ఫస్టు క్లాసు. తారీఖు చూస్తే, నన్ను నేర్పమని అడగడానికి రెండు నెలల ముందుది. "రోజూ సాయంత్రం చిన్నపిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నారు బాబూ. ఆఫీసులో చెప్పొద్దన్నారు" అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకోటుంది, మీ నానమ్మకి కూడా చెప్పలేదు. ఆయన రిటైరైన రోజు నేను మైకు పట్టుకుని, "ఈయన నా శిష్యుడు" అన్నాను. ఆయన లేచి, అంతమంది ముందు నాకు చేతులు జోడించి, "అవును గురువుగారూ" అన్నాడే...

...ఆ టీ చల్లారిపోతోంది, తాగు.