పది ప్రశ్నల ఫారం

పురిటి సెలవట సెలవు! ఎవరికక్కా సెలవు? కనపడ్డ ప్రతివాళ్ళూ 'ఆర్నెల్లు ఇంట్లో హాయి' అంటారు. ఇక్కడ డ్యూటీలో ఉన్నప్పుడు కనీసం టీ అయినా వేడిగా తాగేదాన్ని.

తలుపు కాస్త వెయ్యవా? ఆ కొత్త నర్సు వింటుంది. నా కుర్చీలోనే కూర్చుంది చూడు. బాగానే చేస్తోందిలే, పాపం.

ఆ, బాబుకి టీకా అయిపోయింది. బరువూ పెరిగాడు. వాడి కోసం కాదు నేనొచ్చింది.

పోయిన నెల ఈ కొత్తమ్మాయే నాకు ఫారం ఇచ్చింది కదా, బాలింతల మనసు ఎలా ఉందో అడిగే పది ప్రశ్నలది? 'మీకు తెలియనిదా మేడమ్, మీరే నింపేయండి' అంది. నాకు తెలియనిదా! నాలుగేళ్ళు ఈ గదిలో అందరిచేతా నింపించిందాన్ని. ఏ గడిలో టిక్కు పెడితే ఎన్ని మార్కులో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చకచకా పెట్టేశాను. మొత్తం సున్నా, అంటే ఏ దిగులూ లేదని.

సున్నా ఎవరికైనా వస్తుందా అక్కా? నవ్వుతూ వచ్చినవాళ్ళకే మూడో నాలుగో వచ్చేవి. నువ్వూ సంతకం పెట్టేశావు. అయ్యో, నిన్ననడంలేదు. నా ఫారం కదా అని చూసుండవు. నేనైనా అంతే చేసేదాన్ని.

ఎంతమందికి చెప్పాను! 'దాచకండమ్మా, సిగ్గుపడాల్సిందేముంది, జ్వరంలాంటిదే' అని. ఒకావిడ వెక్కివెక్కి ఏడుస్తుంటే గడియారం చూసుకున్నాను కూడా. ఇప్పుడు ఆవిడ మొహమే కళ్ళముందు కనపడుతోంది.

మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి అసలే చెప్పలేదు. 'నర్సువై ఉండి నీకేంటే' అంటుంది.

మంగళవారం పొద్దున... ఆగు, చెప్తాను. వాడు ఒకటే ఏడుపు. పాలిచ్చాను, గుడ్డ మార్చాను, ఊహూ! ఉయ్యాల్లో పడుకోబెట్టి, తలుపేసి, వెళ్ళి బస్సెక్కేశాను. అవునక్కా, వాణ్ణొక్కణ్ణీ వదిలేసి. మూడు స్టాపులు. ఎంత హాయిగా ఉందో తెలుసా? ఛీ, నా బతుకు!

వాడు గుర్తొచ్చి దిగాననుకుంటున్నావా? కండక్టరు టికెట్టడిగాడు, పర్సు లేదు, దింపేశాడు. పర్సుంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

మనసు డాక్టరమ్మని చూడాలంటే ఏడు వారాలు ఆగాలి, అదీ ఫారంలో మార్కులు ఎక్కువుంటేనే. సున్నా వచ్చినదాన్ని ఎవరు పిలుస్తారు?

ఇంకో ఫారం తియ్యక్కా. ప్రశ్నలు నువ్వే చదువు, టిక్కులూ నువ్వే పెట్టు. పెన్ను మాత్రం నా చేతికివ్వకు. ఇస్తే మళ్ళీ సున్నాలే పెడతాను.