నాలుగింటి తోక మాటలు

భద్రాచలంలో మహిమ, వైరాలో క్రిస్టోఫర్. మధ్యలో వంద కిలోమీటర్ల పైచిలుకు దారి, అందులో సగం అడవే. మహిమకు అబద్ధమాడటం బొత్తిగా చేతకాదు. అయినా నెల రోజుల పైనుంచి, రోజూ సాయంత్రం నాలుగింటికి, ఫోనులో ఆడుతూనే ఉంది.

"...అకౌంటబిలిటీ అయిపోయింది తమ్ముడూ. మొన్ననే చెప్పింది అమ్మ."

"అయిపోయిందా? ఆగండక్కా, నాన్న ఇంకోటి రాసిస్తుండు. ఆఁ... ఇన్‌కంపాటిబిలిటీ."

"అబ్బో!"

"తోక వినబడ్డదా?"

"శుభ్రంగ వినబడ్డది. బిలిటీ. లైన్ క్లియర్."

"ఇగ మీ అమ్మ వంతు. గొంతెట్లుంది పెద్దమ్మకు?"

"గట్లనే ఉంది. వింటది గని మాట పెగలదు. కాయితం మీద రాస్తే నేను చదువుతున్న."

"రాయమనండి మరి."

"రాస్తుంది... ఆఁ. రెస్పాన్సిబిలిటీ."

"అక్కా, అది ఎనభై మూడులనే చెప్పేసింది పెద్దమ్మ. నాన్న నోట్‌బుక్కుల ఉంది, ఎర్ర సిరాతోని."

"ఎనభై మూడా? నేను పుట్టిన రోజు గూడ ఇంత బాగా గుర్తు పెట్టుకోలేదేమో ఎవ్వరు."

"జూలై నెల. పక్కకు రాసిండు గూడ. 'వాన. జూలూరుపాడు దగ్గర చెట్టు కూలింది. మాట సగమే వచ్చింది' అని."

"ఏం పిచ్చి తమ్ముడూ మా అమ్మకు, మీ నాన్నకు! టెలిఫోన్ ఎక్స్ఛేంజీల ఆపరేటర్లందరు హలో హలో అనుకుంట లైన్ టెస్ట్ చేసుకుంటే, వీళ్లకేమో గిన్నిగిన్ని పొడుగు ఇంగ్లీషు మాటలు గావాలె."

"పిచ్చేం గాదక్కా. హలో అంటే ఎంత పాడు లైన్ల అయినా వినబడ్తదంట. పొడుగు మాటైతే మొదలు ఈడికొస్తది, తోక అడివిల పోతది. తోక దాక వినబడ్డదంటే లైన్ మంచిగున్నట్టు. డ్యూటీ కోసం మొదలువెట్టిండ్రు, ఆట చేసుకున్నరు."

"మాటలన్నిటికి ఒకటే తోక. చెప్పిన మాట మళ్ల చెప్పొద్దు."

"అవ్. ఎక్స్ఛేంజ్ ఎత్తేసిండ్రు, పెన్షన్ వచ్చింది, ఆట మాత్రం ఆగలె. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నది గూడ లేదు."

"ఒకసారి ఛాన్సొచ్చింది. నన్ను నర్సింగ్ కాలేజీల చేర్పిస్తందుకు బస్సుల పోతున్నం. వైరాల టీకి ఆపిండు. దిగి కలిసొద్దామా అమ్మా అన్న. 'ఎందుకే, రేపు నాలుగింటికి మాట్లాడ్త గద' అన్నది."

"మా నాన్న గూడ గంతే. భద్రాచలం తీస్కపోత, దర్శనం లేకున్నా గోదారన్నా చూద్దువు అంటే, 'వానల్ల లైన్ పోతదిరా, ఇంట్లనే ఉండాలె' అనేటోడు. చేతుల సెల్‌ఫోనున్నా గదే మాట."

"అనేటోడా?"

"అంటడు. అంటడు అక్కా. నవ్వుతుండు ఈడ. పెద్దమ్మ ఇంకో మాట చెప్తదా అని అడుగుతుండు."

"ఇన్‌యాక్సెసిబిలిటీ."

"వామ్మో! ఆగండి, చూస్త... లేదు, నోట్‌బుక్కుల లేదు. కొత్త మాటే. అర్థమేంది?"

"అందకుండ పోవుడు."

"మంచి మాట తీసింది పెద్దమ్మ."

"తమ్ముడూ, ఒక్కసారి మీ నాన్నకియ్యి ఫోను."

"నాన్నకా? ఎందుకక్కా?"

"ఒక మాట చెప్పేదుంది."

"నాకు చెప్పండి, రాసి చూపిస్త. చెవులు మొత్తం పోయినయని చెప్పిన గద."

"గట్టిగ చెప్త. వార్డుల రోజూ ముసలోళ్లతోనే నా పని. నాకు అలవాటే."

"ఇప్పుడా... ఇప్పుడు స్నానానికి లేచిండక్కా."

"ఇప్పుడే గద నవ్వుతుండన్నవ్?"

"నవ్వుకుంటనే లేచిండు."

"తమ్ముడూ! వైరా చెరువు కట్ట తెగినా నాలుగింటికి ఆదాము కుర్చీల నుంచి కదలడు అనేది అమ్మ, మీ నాన్న గురించి. గసొంటి మనిషి ఆట నడుమల స్నానానికి పోతడా?"

"రేపియ్యనా అక్కా? రేపు తప్పకుండ..."

"రేపు కాదు. ఇయ్యాలనే. రేపు మా ఇంట్ల కూడిక ఉంది."

"ఏం కూడిక?"

"ప్రార్థన కూడిక."

"దేనికక్కా? పెద్దమ్మ గొంతు బాగుపడాలనా?"

"..."

"హలో? అక్కా? లైన్ ఉందా?"

"ఉన్న తమ్ముడూ. జ్ఞాపకార్థ కూడిక. రేపటికి నలభై రోజులు."

"ఎవరికి?"

"అమ్మ లేదు తమ్ముడూ."

"అక్కా, ఏమంటున్నరు? ఇప్పుడే గద పెద్దమ్మ..."

"నేనే. అన్ని నేనే చెప్పిన. గుండె ఆగిపోయింది అమ్మకు. నేను డ్యూటీల ఉన్న. ఊరందరికి సూది ఏసేదాన్ని, మా అమ్మ దగ్గర లేకపోతి. మట్టి చేసి వచ్చినంక రెండు రోజులు మీ ఫోన్ గూడ రాలె. మూడో రోజు సరిగ్గ నాలుగింటికి మోగింది. అప్పటిదాక నీ గొంతే తెల్వదు నాకు. 'ఆదాము గారి కొడుకుని, మరియమ్మ గారున్నారా' అన్నవ్. నీ గొంతు వణుకుతుండె. పెద్దాయనకు ఒంట్ల బాగలేదేమో, పక్కన్నే కూసోని ఎదురు చూస్తుండేమో అనుకున్న. గసొంటి మనిషికి ఎట్ల చెప్పాలె? 'ఉంది, వింటుంది, గొంతు పోయింది, నాన్నను ఆట మాట చెప్పమను' అని నోట్లకెల్లి వచ్చేసింది."

"అక్కా..."

"ఆగు తమ్ముడూ, మొత్తం చెప్పనీ, మళ్ల చెప్పలేను. తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారి మళ్ల నాలుగింటికి మోగింది. ముసలాయన కోసమే అని నాకు నేను చెప్పుకున్న. అదీ అబద్ధమే. డ్యూటీ దిగొచ్చి తాళం తీస్తే ఇంట్ల గిన్నె చప్పుడు గూడ ఉండదు. తిన్నవా అని అడిగేటోళ్లు లేరు. పెండ్లి లేదు, పిల్లలు లేరు, అమ్మనే అన్ని. రోజు మొత్తంల నన్ను పలకరించేది గీ నాలుగింటి ఫోనొక్కటే. చెప్తే ఇది గూడ పోతదని భయమైంది."

"ఏడవకండక్కా."

"ఏడుస్తలేను. నిన్న పాస్టర్ గారు కూడిక కార్డులు అచ్చేయించి తెచ్చిండ్రు. అమ్మ ఫొటో, కింద తారీకు. ఆ కార్డు చేతుల వట్టుకొనే నీతోని 'అమ్మ నవ్వుతుంది' అన్న. సిగ్గనిపించింది. ఇగ చాలు. ఆయనకు నేనే చెప్త. ఏడిస్తే వింట, తిడితే పడ్త. పెద్దాయనకియ్యి తమ్ముడూ."

"నెల రోజుల మాటలన్ని మీరే చెప్పిండ్రా అక్కా?"

"అమ్మ పాత డిక్షనరీ ఉంది గద. వార్డుల టీ తాగేటప్పుడు ముందల పెట్టుకునేదాన్ని. మా సిస్టర్లు ప్రమోషన్ పరీక్షకు చదువుతున్ననుకున్నరు."

"నేను గూడ ఫోన్ల డిక్షనరీనే వెతికిన. అన్ని మొదటి అక్షరం వట్టే ఉంటయి, తోక వట్టి దొరకనీకి తల ప్రాణం తోకకొచ్చింది."

"నువ్వెందుకు వెతికినవ్? మీ నాన్న రాసిస్తుండె గద?"

అటువైపు నోట్‌బుక్కు మూసిన చప్పుడు వినిపించింది.

"తమ్ముడూ? క్రిస్టోఫరూ? మాట్లాడు. నాన్న రాసిస్తుండె గద?"

"నాన్నను మట్టి చేసి వచ్చినంకనే ఆ మొదటి ఫోన్ చేసిన అక్కా, పెద్దమ్మకు చెప్దామని. మీరేమో పెద్దమ్మ వింటుందన్నరు."