బిళ్ళ బ్యాటరీ

మంచం మీద ఏడాది పాప నిద్రపోతోంది. పాత కంప్యూటరు ముందు నేల మీద వదినామరదళ్ళు కూర్చున్నారు.

“ఏమంటోంది ఇది?”

“ఫ్యాను తిరుగుతుంది వదినా. నాలుగు తెల్లక్షరాలు చూపించి అక్కడే బిగుసుకుపోతుంది. ఎల్లుండే నా టైపింగ్ పరీక్ష. పదో తరగతి ఎలాగూ మధ్యలో ఆగింది, ఇదైనా గట్టెక్కుదామంటే...”

“గాభరా పడకు. మా ఆఫీసులో ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన ముసలిది, అంత తేలిగ్గా పోదు. పక్క మూత ఏది?”

“ఎప్పుడో ఊడింది, బీరువా వెనకుంది.”

“టార్చి ఇలా పట్టు. ఇక్కడ బిళ్ళ బ్యాటరీ ఉండాలే! అది లేకపోతే తనలో ఏ డిస్కు ఉందో కూడా దీనికి గుర్తుండదు. ఎవరు తీశారు? అమ్మో, పాప గానీ...”

“లేదు లేదు! నేనే తీశాను.”

“నువ్వా?”

“అలాంటివి పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుందని ఎవరో చెప్పారు వదినా. ఆ రోజే ఇల్లంతా గాలించి, రిమోటులోదీ గడియారంలోదీ అన్నీ పీకి, డబ్బాలో వేసి అటకెక్కించాను. దీనికి అది అంత ముఖ్యమని నాకేం తెలుసు!”

“అందుకా మా తమ్ముడు టీవీ దగ్గరికి లేచి లేచి వెళ్తున్నాడు! నవ్వకు, పాప లేస్తుంది. పట్రా ఆ డబ్బా.”

బ్యాటరీ పెట్టి, అడిగిన వివరాలన్నీ నింపాక తెర మామూలుగా వెలిగింది.

“ఇదిగో, మూత కూడా బిగించేశాను. ఇక నీ కూతురు ఇందులో చెయ్యి పెట్టాలంటే స్క్రూడ్రైవర్ కావాలి.”

“అయితే అది ఇటివ్వండి వదినా. అటక మీద పెట్టేసి వచ్చి టైపింగుకి కూర్చుంటాను.”