బూడిదకు విమానం ఆగుతాదా?

సత్యవేడులో అజ్మతున్నీసా ఇంటి వాకిలి. మిట్టమధ్యాహ్నం. గడప లోపల ఆమె, గడప బయట తమ్ముడు బడే సాహెబ్. తిరుపతిలో పరుపులు కుట్టే అంగడి అతనిది. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుని పదిహేనేళ్లయింది. మొండితనంలో ఒకరికొకరు తీసిపోరు మరి.

"ముందు ఆ నవ్వు ఆపక్కా. వీధిలో అందరూ సూస్తా ఉండారు."

"సూడరా మరి? ఒంటి మింద రెండు తెల్ల గుడ్డలు సుట్టుకోని కార్లో నుంచి దిగితే ఎవురైనా సూస్తారు. ఎవురో ఫకీరు వచ్చినాడనుకోని, నేను బియ్యం తెచ్చేదానికి లోపలికి పోబోయినా."

"ఇహ్రామ్ అక్కా. ఉమ్రాకు పోయేటోళ్లు కట్టుకునేవి. నీకు తెలీదా ఏంది?"

"తెలుసులే. అవి మక్కాలో కదా ఉండాల? సత్యవేడులో ఏం పని వాటికి?"

"మదరాసు ఏర్పోర్టులో కట్టుకుంటిని. పెట్టె వాళ్ల చేతికిచ్చేస్తిని. అంతా అయినాక చెప్పినారు, విమానం లేదని. పెట్టె ఇంగా లోపలే ఉండాది. నాకు వేరే బట్టల్లేవు."

"విమానం లేదా? అయ్యో! యాడికి పోయింది?"

"యాడికీ పోలేదు. ఆపేసినారు. రేపు తెల్లారి పోతాదంట. మా గుంపోళ్లంతా ఆడ హోటల్లో ఉండారు. సాయంత్రం లోపల నేనూ పోయి వాళ్లలో కలవాల."

"ఎందుకాపినారురా?"

"ఏమో. ఏదో ఇబ్బందంట."

"ఏం ఇబ్బంది? నడిపే ఆయప్పకు జొరమా?"

"కాదులే."

"టైరు పంచరా?"

"అక్కా..."

"చెప్పరాదూ. ఇంత దూరం వచ్చినోడివి, ఒక్క మాట నోట్లో నుంచి రాలేదా?"

"బూడిద."

"ఏందీ? గెట్టిగా చెప్పు. వయసైపోయింది, సరిగా ఇనపడదు."

"బూడిద! యాడో ఇథియోపియాలో కొండ పేలిందంట. బూడిద మబ్బు మాదిరి లేచి మేము పోయే దారికి అడ్డం వచ్చిందంట. చాలా?"

"యా అల్లా! బూడిదకు విమానం ఆగుతాదా?"

"అక్కా, టీవీలో సూసినావు నువ్వు. అంతా తెలిసే అడగతాండావు."

"పొయ్యిలో పిడికెడు బూడిద తీసి ఉఫ్ అని ఊదితే ఎగిరిపోతాది, దానికి అంత లావు విమానం ఆగిపోయిందా? ఎవురి చెవిలో పూలు పెడతాండావురా? ఈ మాటలు ఎవురివో గ్యాపకం ఉండాయా?"

"నావే."

"యాడ అన్నావు?"

"అమ్మ పోయిన మూడో దినం. ఫాతెహా కాడ."

"ఎవురి ముందర?"

"మనోళ్లందరి ముందర."

"నేనప్పుడు యాడుంటి?"

"లండన్లో. ఇప్పుడవన్నీ ఎందుకక్కా?"

"నువ్వే వచ్చినావు కదా గడప కాడికి. కువైట్‌లో నేను వంట చేసే ఇంటోళ్లు, పిల్లోళ్లను సూసుకునేదానికని నన్నూ లండన్‌కు పిల్సుకోని పోయిండ్రి. అమ్మకు బాగలేదని నువ్వు ఫోన్ చేస్తివి. సరిగ్గా ఆ దినాల్లోనే ఐస్‌లాండ్లో కొండ పేలి, ఉన్న విమానాలన్నీ ఆగిపాయ. కొండ పేలిందిరా, బూడిద కమ్ముకుండాదిరా, దారి తెరవంగానే వస్తానురా అని ఏడస్తా చెప్తే, అక్క రాకుండా తప్పించుకునేదానికి కత అల్లిందని అందరికీ చాటితివి. పదో దినం గోరీ కాడికి పరిగెత్తుకోని వస్తే నా ముఖం కూడా సూడకపోతివి. ఆ పొద్దు నుంచి మనోళ్ల పెండ్లిండ్లలో నా పేరు బూడిద బీబీ."

"ఆ పేరు నేను పెట్టలేదు."

"పెట్టలేదు. పెట్టేటోళ్ల నోటికి అందిచ్చినావు, అంతే. పోనీలే, ఈ పొద్దు నుంచి నాకొక తోడు దొరికింది. బూడిద సాయిబు. బాగుండాదా?"

"పెట్టుకో. నీ ఇష్టం."

"కోపమొచ్చిందా? సరే, కోపం తర్వాత. ఆ బూడిద విమానాన్ని ఎట్లాపుతాదో కొంచెం చెప్పు. నాకు తెలీదు కదా, కతలల్లేదాన్ని."

"ఏర్పోర్టులో ఒగాయప్ప చెప్పినాడు. అది మన పొయ్యిలో బూడిద కాదంట. రాయి నలిగిన పొడి. గాజు పొడి మాదిరి ఉంటాదంట. ఇంజన్లో ఉండే వేడికి కరిగి, లోపల రెక్కలకు పాకం అతుక్కున్నట్ల అతుక్కుంటాదంట. ఇంగ ఇంజన్‌కు గాలి ఆడదు. నడి ఆకాశంలో ఆగిపోతాది."

"మన దూది మిషన్లో ఇసక పడినట్ల."

"ఇసక పడితే మిషన్‌కు పండ్లు ఇరుగుతాయి, అంతేగా. మిషన్ ఉన్న సోటే ఉంటాది. ఇది అంత మందితో కింద పడుతాది."

"పక్కకు తప్పుకోని పోరాదా? కండ్లుండాయి కదా వాళ్లకు?"

"మామూలు మబ్బుకూ దానికీ తేడా తెలీదంట అక్కా. వానమబ్బును పట్టుకునే రాడార్‌కు కూడా అది దొరకదంట. దాంట్లోకి పోయినారంటే ముందర అద్దమంతా గీసుకోని పోయి, నడిపేటోడికి దారే కనపడదంట. నిన్నటికి నిన్న ఎన్ని విమానాలు..."

"అబ్బబ్బా, ఎంత బాగా చెప్తాండావురా! ఇదే పదహైదేండ్ల ముందర నేను ఫోన్లో చెప్తే, సాలు పెట్టేయ్ అంటివి."

"నిలబెట్టి కోస్తాండావక్కా నన్ను."

"నిలబడమన్నానా? నువ్వే గడప తొక్కకుండా ఉండావు."

"రమ్మను, వస్తా."

"పుట్టింటోడు అక్క ఇంటికి రావాలంటే పిలుపు కావాల్నా? రా, వచ్చి కూర్చో. మీ బావ లుంగీ, చొక్కా ఇస్తా. ఉమ్రా చేస్తానని మనసులో నియ్యత్ ఇంగా అనుకోలేదు కదా? అనుకున్నాక కుట్టిన బట్టలు కట్టరాదు."

"లేదు. అది విమానం ఎక్కినాక, మక్కా హద్దు వచ్చినప్పుడు."

"అయితే మార్చుకో. అది కట్టుకోని సరిగా కూర్చోలేకుండా ఉండావు."

"వద్దులే. మళ్లా కట్టుకోవాలంటే నాకు రాదు. ఏర్పోర్టులో ఇంగొకరు కట్టిచ్చినారు."

"నగనా, ఏడవనా నిన్ను సూసి? నీళ్లు తాగు. పోయే ముందర ఇల్లిల్లూ తిరిగినావంట కదా, అన్నవీ చేసినవీ మాఫ్ చెయ్యమని?"

"ఎవురు చెప్పినారు?"

"నీ కోడలు సమీరా. నీకు తెలీకుండా నాకు ఫోన్ చేస్తానే ఉంటాది. దాన్ని ఏమీ అనమాక. సంపత్కుమార్ సారింటికి పోయి, ఆయన పరుపులో పాత దూది కలిపినానని ఒప్పుకోని చేతులు పట్టుకున్నావంట?"

"పరుపులో కాదు. ఒగ దిండులో."

"ఆయనేమన్నాడు?"

"అందుకేనా నాకు మెడ నొప్పి అన్నాడు. అని మాఫ్ చేసినాడు."

"మంచోడు. అంత మందిని అడిగినోడికి సత్యవేడు దారి దొరకలేదా?"

"రెండు తూర్లు వచ్చినా. బస్టాండులో టీ తాగి వెనక్కి పోయినా."

"అంత బాగుంటాదా ఆడ టీ?"

"నగమాకక్కా. అందరినీ అడిగేదానికి నోరొచ్చింది, నిన్ను అడిగేదానికి రాలేదు. నిన్న ఆ బోర్డు మింద మా విమానం రద్దని పడింది. ఎందుకని అడిగితే బూడిద అన్నారు. మా గుంపోళ్లంతా ఇట్లయిందేమప్పా అని తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం నీ ఏడుపే ఇనపడింది, ఆ పొద్దు ఫోన్లో ఏడ్సింది. ఆడ నిలబడలేకపోయినా. నన్ను మాఫ్ చెయ్యక్కా."

"ఆ గ్లాసు ఇట్లియ్యి."

"ఏమన్నా అను. తిట్టు."

"తిట్టేదేముండాది? పో. మాఫ్ చేసినా."

"అంతేనా?"

"ఇంగేం కావాల, దండ వెయ్యాల్నా? నీ మింద కోపం మోసి మోసి నాకూ ఆయాసమొచ్చింది. బూడిదకు విమానం ఆగుతాదని నీ నోటితో నువ్వే చెప్పినావు, నాకది సాలు. లెయ్, మీ కారాయప్ప హారను కొడతాండాడు."

"కొట్టనీ."

"పోయి హాయిగా ఉమ్రా చేసుకోని రా. కాబా ముందర అమ్మకోసం దువా చెయ్యి. నాకోసం కూడా ఒగ మాట అడుగు."

"ఏమని?"

"ఆఖరి గడియలో కూడా నా కూతురు రాలేదే అని అమ్మ నొచ్చుకోని పోయినాది. ఆమె మనసులో నా మింద ఉన్న కోపం తీసెయ్యమని అడుగు. నాకు అడిగేదానికి భయంరా. ఇన్నేండ్లుగా దువాలో ఆమె పేరు కాడికి రాంగానే చేతులు దించేస్తాండా. ఏం, ఇంగా కూర్చోనే ఉండావు? మాఫ్ చేసినా కదా?"

"నీ మాట నమ్మనిదానికి చేసినావు."

"ఆ, దానికే. ఇంగ దేనికి?"

"అది నలుగురికీ తెలిసిందే అక్కా. ఎవురికీ తెలీంది ఇంగోటి ఉండాది."

"ఏందిరా? నీ ముఖం ఎందుకట్లయింది?"

"నీ ఫోన్ వచ్చినప్పుడు అమ్మకు తెలివి ఉండింది."

"తెలివి ల్యాకుండా పోయిందంటివే నాకు!"

"అబద్ధం చెప్పినా. ఉండింది. ఏమంటాదిరా అక్క అని అడిగింది. నీ కూతురు కతలు చెప్తాండాది, బూడిదకు విమానాలు ఆగిపోయినాయంట అని నవ్వతా చెప్పినా."

"అట్లనే చెప్పినావా ఆమెకు? మల్లా... ఆమె ఏమనింది?"

"ఆరు నెలలు ఆమె మంచం పక్కనే పడుకుంటిని అక్కా. ఎత్తి కూర్చోబెట్టింది నేను, నోట్లో గంజి పోసింది నేను. కండ్లు తెరిస్తే మాత్రం నీ పేరే. నాకు కడుపు మండింది. అందుకే నీకు చెప్పలే. మొదట కోపానికి చెప్పలే, తర్వాత సిగ్గుకు చెప్పలే."

"బడే, ఆమె ఏమనింది?"

"నా బిడ్డ అబద్ధం చెప్పదు అనింది. పైన దారి మూసుకోనుంటే అదేం చేస్తాది పాపం అనింది. దాని మింద నేను కోపం పెట్టుకోని పోలేదని, అది రాంగానే చెప్పు, నువ్వు మరిచిపోతావు, నా చేతిలో చెయ్యేసి చెప్పు అనింది. చెయ్యేసినా అక్కా. చెప్తానని చెయ్యేసినా."

"ఇందాక నేనిచ్చిన మాఫ్ వాపసిచ్చెయ్‌రా. ఇచ్చేసి, అమ్మ అనింది మల్లా ఒగతూరి చెప్పు."