కిటికీ కింద కూసున్న యశోదమ్మ

ఏం పాపా రేఖా, బ్యాగు సర్దేది ఇడిసిపెట్టి మొగం అట్ల పెట్టుకోనుండావు? కుప్పం యూనివర్సిటీలో సీటొచ్చిందని మీయమ్మ పుంగనూరంతా చెప్పుకోని తిరుగుతాండాది, నువ్వేమో... ఏందీ? బీయే చదివి ఏం చేస్తావని నవ్వినారా? ఎవురు, నీ ఇంజనీరింగు ఫ్రెండ్సా? నవ్వనీలే. ఈ తాత పక్కన కూసో, యశోదమ్మ సంగతి చెప్తా. నేను మదనపల్లె కాలేజీలో అటెండరుగా ఉన్నప్పటి మాట, ముప్పై ఏండ్లాయ. నువ్వు సూసి ఉండవులే, ఆయమ్మ పోయి పన్నెండేండ్లయింది.

గుర్రంకొండ పక్క పల్లె ఆయమ్మది. గొర్లు మేపుకునే ఇల్లు. కూతురు రాణిని తెచ్చి మా కాలేజీలో బీయే హిస్టరీలో చేర్చింది. ఆ పిల్లకు బస్సంటే బయం, టౌనంటే బయం. సరే అని ఈయమ్మ రోజూ తోడొచ్చి, సాయంత్రం బస్సు దాకా క్లాసు కిటికీ కింద వరండాలో కూసోనుంటాండె. నాకేమో కోపం. ప్రిన్సిపాలు సూస్తే నన్నంటాడు గదా. "ఇది బస్టాండనుకున్యావామ్మా, లెయ్యి లెయ్యి" అని ఎల్లగొట్టినా. లేసి పోతాది, నేనట్ల తిరిగినాంక మళ్ళా వచ్చి కూసుంటాది. హిస్టరీకి గురుమూర్తి సారని ఉండె. సన్నంగా, పొడుగ్గా ఉంటాడు, మీయమ్మ పెండ్లి ఫోటోలో గూడా ఉండాడు సూడు, కళ్ళజోడాయన. ఆ సారు ఒక దినం పాతకాలం కరువు పాఠం చెప్తా, "బాయిల్లో నీళ్ళున్న ఊర్లు గూడా ఎందుకు ఖాళీ అయిపాయ?" అని అడిగినాడు. పిల్లోల్లు పుస్తకాల్లో ఎతుకుతాండారు. కిటికీ కిందినించి మాట వచ్చె. "మేపు ల్యాకప్పా. నీళ్ళుంటే మనిసి నాలుగు దినాలు బతుకుతాడు, గొర్రె ఏం తింటాది? మా ముత్తవ్వోల్లు మందను తోలుకోని కొండ దిగి కన్నడదేశం పోయినారంట. తిరిగొచ్చింది మా ముత్తవ్వ ఒకతే."

నేను ఉరుకులు పెట్టి పోయినా, ఈయమ్మ నా కొంప ముంచింది అని. సారు కిటికీలోంచి తొంగిసూసి, "కదిరప్పా, ఆయమ్మను లోపలికి తోడుకోని రా" అనె. అరగంట చెప్పింది, యా దావన పోయినారు, ఏ ఆకులు ఉడకబెట్టుకోని తిన్యారు అంతా. సారు పుస్తకం మూసిపెట్టి రాసుకుంటాండాడు. రాణి మాత్రం తల ఎత్తల్యా. ఎనక బెంచీలో ఎవడో గొర్రె మాదిరి అరిసినాడంట. "నువ్వు రాబాకుమా, నాకు సిగ్గయితాది" అనేసింది తల్లిని. వారం దినాలు ఆయమ్మ రాల్యా. ఒకనాడు, ఆ అరిసిన పిల్లోడే సారును అడిగినాడు, "ఆ అమ్మ చెప్పిండేది పరీక్షలో రాయొచ్చా సార్?" అని. "రాయి. ఎవురు చెప్పినారో పేరు గూడా రాయి" అన్యాడు సారు. ఆ సాయంత్రం రాణి వరండాలో నిలబడి ఏడుస్తాండె. మర్సటి దినం తల్లిని చెయ్యి పట్టుకోని తనే తోడుకోనొచ్చింది.

ఇంక సారు ఊరుకుంటాడా. "దూరవిద్యలో నువ్వూ చదువమ్మా" అని ఎంటబడినాడు. ఐదో క్లాసు చదివిన మనిసి. ముందు ఇంటరు లేనోల్లకు పెట్టే ఎంట్రెన్సు రాసింది, పాసయింది, బీయేలో చేరింది. గొర్లదొడ్డికాడ రాణి చెప్తాంటే ఈమె రాస్తాండె. ఇంగ్లీషు మూడు తూర్లు పాయ. "ఆ ఇంగ్లీషోల్లకు నా మింద ఏం కోపమప్పా" అంటాండె నాతో. నాలుగో తూరి గట్టెక్కింది. అప్పటికి రాణి బీఈడీ గూడా చేసి, పెద్దతిప్పసముద్రం హైస్కూల్లో సోషల్ టీచరు.

పాసయినాంక కాలేజీకొచ్చి బొరుగులు, బెల్లం అందరికీ పంచిపెట్టె. నేనూ అడిగినా, నీ ఫ్రెండ్సు అడిగినట్లే. "మళ్ళా గొర్ల ఎనకే గదా యశోదమ్మా నువ్వు పోయేది, బీయే చదివి ఏమొచ్చె నీకు?" అని. కోప్పడల్యా ఆయమ్మ. "ముందు కొండను సూస్తే మేపు ఒకటే అగపడతాండె కదిరప్పా. ఇప్పుడు మా ముత్తవ్వ గూడా అగపడతాది. ఏ దావన దిగిందో, బిడ్డల్ని యాడ పూడ్సిందో, ఎట్ల మళ్ళా లేసి నడిసిందో" అనింది.

ఇరవై ఏండ్లు ఆ క్లాసుకు చాక్‌పీసులు నేనే మోసినా పాపా. ఒగ దినమన్నా లోపల కూసోని ఆ పాఠం ఇనుంటే...

ఆ దుప్పటి గూడా పెట్టుకో. కుప్పంలో పొద్దుగూకితే సలి.